గుర్రప్ప చిల్లర

హోసూరు నుంచి కెలమంగలం మీదుగా డెంకణికోటకు తిరిగే ఒక ప్రైవేటు బస్సులో గుర్రప్ప కండక్టరు. వయసు మీద పడేదాకా అదే రూటు, అదే తోలుసంచి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బస్సు ఎంత కిక్కిరిసినా మనుషుల మధ్య నుంచి పాములా జారిపోతూ తెలుగు వాళ్ళతో తెలుగు, తమిళుల దగ్గర తమిళం, కన్నడిగుల దగ్గర కన్నడం మాట్లాడి టికెట్లు చించేవాడు. చిల్లర లేదని ఎవరినీ దారిలో దించి ఎరగడు. సంతరోజున కోళ్ళగంపలతో ఎక్కే ముసలమ్మలను కసురుకున్నట్టే కసురుకుని, గంపను తనే పైకి అందుకునేవాడు.

ఆయనకొక పిచ్చి ఉండేది. సంచిలో పడే నాణేల్లో కొత్త బొమ్మ కనిపిస్తే దాన్ని మళ్ళీ బయటికి పోనిచ్చేవాడు కాదు. ఎవరో పెద్దమనిషి శతజయంతికో, ఏదో గుడికి వెయ్యేళ్ళు నిండాయనో ప్రభుత్వం గుర్తుగా కొట్టి, మామూలు నాణేలతో పాటే బజారులోకి వదిలే నాణేలుంటాయి చూడండి, అవి. అయిదు రూపాయల నాణెమైతే దానికి బజారులో వచ్చేది అయిదు రూపాయల సరుకే. గుర్రప్ప అలాంటిదాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని, దాని బదులు తన సొంత డబ్బు సంచిలో వేసేవాడు. ఓనరు లెక్కలో ఏనాడూ తేడా రాలేదు.

పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఇంటికి రాగానే భార్య మారెమ్మ చెయ్యి పట్టి, అరచేతిలో ఒక నాణెం పెట్టాడు.

"తిరువళ్ళువరు. తమిళ మహానాడు జరిగిందే, దానికని కొట్టినారంట. బాగుండాది కదా?"

"బాగుండాది. అయిదు రూపాయలే కదా కానీ."

"ఇప్పుడు అయిదే. మన బిడ్డలు పెద్దోళ్ళయ్యేసరికి చూడు, దీని ధర యాడ ఉంటాదో."

అప్పటికి ఇంకా బిడ్డలు లేరు. 'మన బిడ్డలు' అని ఆయన అంత మామూలుగా అనేసరికి మారెమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. నాణెం సంగతి ఆమె చెవికెక్కనే లేదు.

తరువాత కలైవాణి పుట్టింది. ఒక్కతే కూతురు. దాని పాత పావడాలు కత్తిరించి మారెమ్మ చిన్న చిన్న సంచులు కుట్టి ఇచ్చింది. వాటిలో తలల బొమ్మలు ఒక సంచిలోకి, గుళ్ళు ఒక సంచిలోకి, పంటలూ పక్షులూ ఇంకొక సంచిలోకి వేసి, మంచం కింద ట్రంకుపెట్టెలో పెట్టేవాడు గుర్రప్ప. సెలవు రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక పెట్టె లాగి, దుప్పటి మీద నాణేలు పరిచి, కూతురిని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. "ఇది నీదే, ఇదీ నీదే. నువ్వు పెద్ద చదువు చదివేటప్పుడు అమ్ముదాం" అనేవాడు. పది రూపాయల నాణెం దొంగనాణెమని పుకారు లేచి ఆ చుట్టుపక్కల ఏ కొట్టువాడూ తీసుకోని రోజుల్లో, మిగతా కండక్టర్లు జనంతో గొడవలు పడుతుంటే, ఈయన మాత్రం వాళ్ళ దగ్గరున్న బొమ్మలవాటిని కూడా నోట్లిచ్చి మార్చుకుని మురిసిపోతూ ఇంటికి తెచ్చుకున్నాడు.

మారెమ్మ పట్టుపురుగులు పెంచేది. ఇంటి వెనక కొట్టం, దాని వెనక కాస్త మల్బరీ తోట. ఒక ఏడాది, పురుగులు గూళ్ళు కట్టడానికి సిద్ధమయ్యే సమయానికి రోగం తగిలి కొట్టమంతా తుడిచిపెట్టుకుపోయింది. చచ్చిన పురుగులను తట్టలకెత్తి గుంటలో పోసి సున్నం చల్లి వచ్చి, ఆమె వాకిట్లో కూలబడింది. ఇంట్లో బియ్యం కూడా అడుగంటాయి.

"ఆ పెట్టె తెరువప్పా. ఇప్పుడు కాకుంటే ఇంగెప్పుడు?" అంది.

"అది బిడ్డది మారీ. నేను ఇంగో ట్రిప్పు ఎక్కువ తిరుగుతాను" అన్నాడు గుర్రప్ప.

అన్నమాట ప్రకారం తిరిగాడు కూడా. కాళ్ళు వాచిపోయేలా తిరిగాడు. అయినా ఆ నెల మారెమ్మ తన ముక్కుపుడక తీసి అమ్మకానికి ఇవ్వక తప్పలేదు. తరువాత ఆయనే కొత్తది కొనిచ్చాడు. ఆమె పెట్టుకుంది. కానీ ఆ రోజు వాకిట్లో తను అడిగిన మాట, ఆయన లేదన్న మాట ఆమె లోపల ఎక్కడో ముల్లులా దిగబడి ఉండిపోయాయి. ఎప్పుడూ బయటికి అనలేదు.

కలైవాణి పెద్ద చదువు చదవలేదు. పన్నెండో తరగతి అయ్యాక హోసూరు దగ్గర ఫోన్లు బిగించే కంపెనీలో షిఫ్టు పనికి చేరింది. కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోయేది. గుర్రప్ప పని మానేసి ఇంటిపట్టున ఉన్నాక, ఫోనులో వీడియోలు చూసి కూతురికి చూపించేవాడు. ఫలానా నాణెముంటే లక్షలు వస్తాయని ఎవరో అరుస్తుంటారు అందులో.

"నాయనా, ఇవన్నీ మోసం. నిన్న నువ్వు నెంబరు ఇచ్చినావు కదా, వాడు ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమన్నాడు. నేను కట్ చేసినాను" అంది కలైవాణి.

"అయితే నిజమైన షాపులో అడుగుదాం" అన్నాడు గుర్రప్ప.

మామిడికాయల కాలంలో ఒకరోజు భార్యాభర్తలిద్దరూ కృష్ణగిరి పోయారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్ళో సంచులు పెట్టుకుని, దారి పొడుగునా గుర్రప్ప కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. బస్టాండుకు కొంచెం దూరంలో పాత నాణేలు, స్టాంపులు అమ్మే కొట్టు తిలక్ అనే ఆయనది. మంచి మనిషి. ఇద్దరికీ కుర్చీలు వేయించి, టీ తెప్పించి, సంచులన్నీ ఓపిగ్గా గాజుపలక మీద పోసి చూశాడు.

"పెద్దాయనా, నేను అబద్ధం చెప్పను. ఇవన్నీ కోట్ల లెక్కన అచ్చేసినవి. మీలాగే దేశమంతా దాచిపెట్టినారు. మాలాంటోళ్ళు డబ్బిచ్చి కొనేది టంకశాల నుంచి నేరుగా వచ్చి, ఎవురి చెయ్యీ పడనివి. ఇవేమో జనాల చేతుల్లో తిరిగినాయి. మొహాలు అరిగిపోయినాయి, అంచులు నలిగినాయి."

"ముందు ముందు కూడా రాదా ధర?"

"ఏదో ఒకటీ అరా రావచ్చు. ఎప్పుడో, మన తరువాతోళ్ళ కాలంలో. దేనికి వస్తాదో నేను కూడా చెప్పలేను. దీన్నే నమ్ముకోవద్దండి."

గుర్రప్ప తలూపాడు. ఒక్కొక్క నాణెమూ ఏ సంచిలోది ఆ సంచిలో వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చాక మారెమ్మ ఆయన మొహం చూసి, ఏదో ఒకటి అనాలని, "పోనీలేప్పా, ఒకటో అరో వస్తాదని చెప్పినాడు కదా" అంది.

"అవును. మన తరువాతోళ్ళకి అన్నాడు" అన్నాడాయన. "ఆ సంగతే కదా నేను మొదటి నుంచీ చెప్తాండేది."

తిరుగు ప్రయాణంలో ఒక తట్టెడు మామిడిపళ్ళు కొన్నాడు.

మతిమరుపు ఆ తరువాతే మొదలైంది. మొదట చెప్పు ఒకటి తొడుక్కుని రెండోది మరిచిపోవడం. తరువాత అన్నం తిని కూడా తినలేదనడం. ఒకసారి సొంత వీధిలోనే నిలబడి, ఎటు పోవాలో తెలియక ఏడ్చాడు. హోసూరులో డాక్టరు తలకు స్కానింగు తీయించి, ఇది మందులతో తగ్గే జబ్బు కాదమ్మా, పోనుపోను ఎక్కువవుతుంది, పక్కన మనిషి ఉండాలి అని చెప్పాడు. కలైవాణి షిఫ్టులు వదులుకుంటే ఇల్లు గడవదు. మారెమ్మే కొట్టానికీ ఆయనకూ మధ్య తిరుగుతూ వచ్చింది. పొద్దున తను మల్బరీ ఆకు కోసుకొచ్చేంత సేపు మాత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఉండేవాడు. రోడ్డు మీద పోయే బస్సులను చూస్తుంటాడులే అని ఆమె నమ్మకం.

బస్టాపు దగ్గర ఆకుకూరలు అమ్మే గంగక్క ఒకనాడు ఆమెను ఆపింది.

"ఏమ్మా మారెమ్మా, మీ ఆయప్ప మళ్ళా డ్యూటీలో చేరినాడా? పొద్దున బస్సులో నాకు సిల్లర ఇచ్చినాడే. శానా రోజులుగా చూస్తాండాను, విజిల్ కూడా ఊదుతాడు."

గంగక్క గోనెపట్టా కింద నుంచి తీసి చూపించిన నాణెం మీద తంజావూరు గుడి ఉంది.

మారెమ్మ ఆకుమోపు అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తింది. అరుగు మీద ఆయన లేడు. ట్రంకుపెట్టె లాగి చూస్తే పావడాగుడ్డ సంచుల్లో చాలావరకు వట్టి తిత్తుల్లా పడి ఉన్నాయి. సగానికి పైగా లేవు. తిరువళ్ళువరు కోసం అన్ని సంచులూ బోర్లించి వెతికింది. కనిపించలేదు.

బస్టాపుకు తిరిగి వచ్చి నిలబడింది. బస్సు వచ్చింది. వెనక మెట్టు మీద పాత తోలుసంచి భుజాన వేసుకుని, నోట్లో విజిల్ పెట్టుకుని గుర్రప్ప నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఆమె చూడని మొహం అది. ఆ బస్సులో ఇప్పటి కండక్టరు రక్షిత్ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నాకు పని నేర్పిందే ఈయప్ప. వచ్చి ఎక్కుతాంటే దిగమని చెప్పేకి నోరు రాలేదు. నేను టికెట్లు కొట్టినాక ఆయన అందరి దగ్గరికీ పోయి సిల్లర సిల్లర అని ఇచ్చుకుంటా వస్తాడు. ఇంటికాడ వాకిట్లోనే దించి పోతాండాను. నీకు తెలిసే పంపుతాండావనుకొన్నాను."

"ఆయప్ప ఇచ్చిందేమో తెలుసా నీకు?"

"ఏవో నాలుగు డబ్బులు అనుకొన్నానక్కా. కొందరు తిరిగి ఇస్తే ఆయన సంచిలోనే వేసేసినాను." ఆమె మొహం చూసి రక్షిత్ ఆగిపోయాడు. "తప్పైపోయిందా అక్కా?"

మారెమ్మ గుర్రప్పను రెక్క పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది. తలుపు వేసింది. అన్నాళ్ళూ లోపల దాగి ఉన్నది అప్పుడు బయటపడింది.

"పురుగులన్నీ చచ్చి నేను వాకిట్లో కూర్చోనుంటే ఒక్క కాసు తియ్యలేదు నువ్వు. నా ముక్కుది నేనే తీసిస్తిని. ఇప్పుడు దోవన పొయ్యేవాళ్ళందరికీ పంచిపెడతాండావా? వాళ్ళు నీకు ఏమైతారప్పా? నాకంటే ఎక్కువా?"

గుర్రప్ప బెదిరిపోయి గోడకు ఆనుకున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు. సంచిలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు.

"అరవద్దమ్మా. పొరపాటు జరిగుంటే సరిచేస్తాను. నీకు ఎంత రావాల్ల?"

ఆయన ఎగతాళికి అనలేదు. గొడవ పెట్టుకున్న ప్రయాణికురాలికి కండక్టరు చెప్పే మాట అది. మంచితనంగా, ఓపిగ్గా, పరాయి మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. ఎంత రావాలో లెక్క చెప్పడానికి మారెమ్మ దగ్గర ఏముంది? ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన కూడా వంగి, ఏం చేయాలో తెలియక, ఆమె చేతిలో రెండు నాణేలు పెట్టి, "చాలా?" అని అడిగాడు.

మరునాడు పెట్టెకు తాళం పడింది. తోలుసంచి అటక ఎక్కింది. గుర్రప్ప పొద్దున్నే లేచి, నీళ్ళు పోసుకుని, చొక్కా గుండీలు ఎగుడు దిగుడుగా పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. దొరకలేదు. బస్సు హారను వినపడేసరికి వట్టి చేతులతో గడప దాకా వచ్చి ఆగిపోయాడు. "సిల్లర లేకుంటే జనాలకి ఏం చెప్పేది? నన్ను పనిలో నుంచి తీసేస్తారు" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అన్నం ముట్టలేదు. ఆ మరునాడూ అంతే.

కలైవాణి షిఫ్టు నుంచి వచ్చి ఇదంతా చూసింది. చాలాసేపు తండ్రి తల నిమురుతూ కూర్చుని, తల్లి దగ్గరికి వచ్చింది.

"అమా, తాళం తియ్యి."

"ఉండేదే ఆ కాసిని. నీ కోసమని కదే పెట్టింది."

"నా కోసమని కదా. నాకు ఒద్దు. నాయనకి ఇచ్చేయి. ఇంగ యాభై ఏండ్లకి వాటికి ధర వస్తే నేనేం చేసుకొంటాను? అప్పటికి నాయన వస్తాడా?"

మారెమ్మ తాళం తీసింది.

అప్పటి నుంచి పొద్దున్నే పురుగులకు ఆకు వేసేసి, ఒక పిడికెడు నాణేలు తోలుసంచిలో పోసి, ఆమే ఆయన భుజానికి తగిలించేది. బస్సు ఎక్కించి తనూ ఎక్కేది. ముందు సీట్లో కూర్చుని, తల తిప్పి ఆయన్నే చూస్తుండేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పని చేస్తుంటే కూర్చుని చూసే తీరిక ఆమెకు ఎన్నడూ దొరకలేదు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎంత జాగ్రత్తగా, దూరంగా చాపుతాడో, ముసలివాళ్ళకు ఎలా వంగి చిల్లర అందిస్తాడో అప్పుడు చూసింది. చాలామంది విషయం తెలిసి, ఆయన ఇచ్చింది తీసుకుని, దిగేటప్పుడు ఆమె ఒళ్ళో వేసి పోయేవారు. కొందరు తెలియక జేబులో వేసుకుని దిగిపోయేవారు. అక్కడ ఒక పక్షి పోయింది, ఇక్కడ ఒక గుడి పోయింది అని ఆమె మనసులో అనుకునేది. మొదట్లో దిగి వెంటపడి అడగాలనిపించేది. మెల్లగా ఆ ఆరాటం కూడా పోయింది.

పెట్టె ఖాళీ అవుతూ వచ్చింది. ఒకరోజు అడుగున ఏమీ మిగల్లేదు. మారెమ్మ కొట్టులో నోటు మార్చి మామూలు రూపాయి, రెండు రూపాయల నాణేలు తెచ్చి సంచిలో పోసింది. ఆయన కనిపెడతాడనుకుంది. ఒక నాణెం వేళ్ళ మధ్య తిప్పి, బొమ్మ లేదే అని ఆగుతాడనీ, తన వైపు కోపంగా చూస్తాడనీ ఆశపడింది. ఆ కోపం కోసం డెంకణికోట దాకా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. గుర్రప్ప ఒక్కసారి కూడా ఆగలేదు. వాటినీ అలాగే, అదే సంతోషంతో పంచుకుంటూ పోయాడు. ఆయన పోగొట్టుకున్నది ఎంతో ఆ రోజే ఆమెకు పూర్తిగా అర్థమైంది.

ఆ వారంలోనే ఒకనాడు ఆయన ముందు సీటు దాకా వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. అంతకు ముందు ఎప్పుడూ ఆమెను అడిగేవాడు కాదు. తనతో వచ్చిన మనిషని లోపల ఎక్కడో గుర్తుండేదేమో, దాటి పోయేవాడు.

"యాడికమ్మా?"

మారెమ్మ తలెత్తింది. "మారెమ్మ ఇంటికప్పా" అంది.

ఆయన నుదురు ముడిపడింది. కిటికీలోంచి బయటికి చూశాడు. రూటంతా ఒకసారి మనసులో చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"ఆ స్టాపింగ్ ఈ రూట్లో లేదమ్మా" అన్నాడు, ఆమెను నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "డెంకణికోటకు టికెట్ కొట్టమంటావా?"

"కొట్టప్పా" అంది మారెమ్మ.

ఆయన ఇచ్చిన చిల్లర ఆమె రెండు చేతులా తీసుకుంది.

వానలు పడ్డాక గుర్రప్ప బస్సు ఎక్కలేకపోయాడు. మొదట నడక పోయింది, తరువాత మాట తగ్గింది. మంచంలో పడుకుని స్టాపుల పేర్లు వరుసగా గొణిగేవాడు. మారెమ్మ పక్కన కూర్చుని ఆయన వదిలేసిన పేరును అందించేది. కొన్నాళ్ళకు మత్తిగిరి దాటి ముందుకు పోయేవాడు కాదు. ఒక మధ్యాహ్నం, వాన వెలిసిన తరువాత, కూతురు చెంచాతో గంజి తాగిస్తుండగా ప్రాణం పోయింది. రక్షిత్ పని మానుకుని వచ్చి పాడె మోశాడు. ఆ రూటులో తిరిగే ఎవరెవరో వచ్చారు. వాళ్ళలో చాలామంది పేర్లు మారెమ్మకు తెలియవు.

ఇప్పుడు తల్లీకూతుళ్ళే ఉన్నారు. కొట్టంలో పురుగులున్నాయి. మొన్నీమధ్య కలైవాణి షిఫ్టు నుంచి వచ్చి, బ్యాగులోంచి ఒక నాణెం తీసి తల్లికి చూపించింది.

"అమా, క్యాంటీన్‌లో సిల్లర ఇచ్చినారు. ఇది కొత్త బొమ్మ. నాయన దగ్గర లేదు ఇది."

మారెమ్మ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఆకు కత్తిరిస్తున్న కత్తి మీదే ఆమె చూపు.

"ఖర్చు పెట్టేయమ్మా" అంది.